దమ్ము ఉన్నవాళ్ల ఇంట్లో జలుబు కాలం: ముందు నుంచి చేసుకోవాల్సిన పనులు

చలికాలం రాగానే ఇంట్లో దమ్ము, అంటే ఆయాసం జబ్బు, ఉన్న పెద్దాయనకు మఫ్లర్ చుట్టి, స్వెటర్ తొడిగి, అర్రలో కూర్చోబెట్టి కిటికీలు మూసేస్తాం. మన పని అయిపోయిందనుకుంటాం. ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవడు ముక్కు తుడుచుకున్న చేత్తోనే తాత పక్కన చేరతాడు. పక్కనే పొయ్యిలో పత్తికట్టె అంటుకుంటుంది. కిటికీలు మూసి ఉన్నాయి కాబట్టి ఆ వైరస్, ఆ పొగ రెండూ తెల్లారేదాకా తాతతోనే ఉంటాయి. చల్లగాలికి దమ్ము రేగుతుందన్న మాట నిజమే. కానీ మనిషిని ఆస్పత్రి దాకా తీసుకెళ్లేది ఎక్కువగా ఈ రెండే. వీటిని ఆపడం పేషెంటు చేతిలో లేదు, ఇంట్లో మిగతావాళ్ల చేతిలో ఉంది. అందుకే కింద రాసిన పనుల్లో ఎక్కువ భాగం వాళ్ల కోసమే.

ఫ్లూ మన దేశంలో ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. వానలు ముదిరాక ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఈ నెలల్లో, వాటికి అటూఇటూగా దసరా, కురుమూర్తి జాతర, సంక్రాంతి, చెర్వుగట్టు జాతర వస్తాయి. పట్నంలో ఉన్న పిల్లలు, ముంబై, పుణె వలస పోయినవాళ్లు కిక్కిరిసిన బస్సుల్లో ఇల్లు చేరే రోజులివి. ఇంటికి రావద్దని ఎవరం చెప్పలేం, చెప్పకూడదు కూడా. వచ్చాక ఎట్లా మెలగాలో చెప్పుకోవచ్చు.

1. ఎవరిని కాపాడాలో ముందు తేల్చుకోండి

ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండిపోయే ఊపిరితిత్తుల జబ్బు) అని చీటీ మీద రాసి ఉన్నవాళ్ల సంగతి అందరికీ తెలుసు. లెక్కలోకి రానివాళ్లే ఎక్కువ. ఒకప్పుడు టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడి నయమైనవాళ్లకు ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలిపోవచ్చు. అట్లాంటివాళ్లకు మామూలు జలుబుతోనే ఆయాసం మొదలవుతుంది. క్రషర్లలో, క్వారీల్లో, పలుగురాళ్లను పొడి చేసే చోట ఏళ్లకేళ్లు కూలి చేసినవాళ్లదీ అదే పరిస్థితి. ఇక ముప్ఫై, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అవ్వలు. బీడీ ముట్టనోళ్లకు సీఓపీడీ ఎందుకొస్తుందనుకుంటాం, పొయ్యి పొగతో వస్తుంది. "వయసైంది కదా, ఎగపోస్తది" అని వదిలేసే అవ్వను ఒకసారి డాక్టరుకు చూపించండి.

నల్లగొండ జిల్లావాళ్లకు ఇంకో మాట. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో నడుము, వెన్ను బిగుసుకుపోయిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. పక్కటెముకలు కూడా బిగుసుకుంటే ఛాతీ పూర్తిగా విచ్చుకోదు. గట్టిగా దగ్గే బలం ఉండదు కాబట్టి తెమడ లోపలే నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బు లేకపోయినా వీళ్లను ఈ లెక్కలోనే చూసుకోవాలి.

గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు కూడా ఇందులోకే వస్తారు.

2. సీజన్ మొదలయ్యే ముందు చేయాల్సినవి

ఫ్లూ టీకా ప్రతి ఏడాదీ వేయించుకోవాలి, ఎందుకంటే వైరస్ మారుతుంటుంది. వేయించుకున్నాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వానలు ముదరకముందే వేయించుకుంటే మేలు. అప్పుడు కుదరకపోతే దసరా లోపైనా వేయించండి. ఆ తర్వాతైనా మానేయడం కంటే నయమే. పెద్దవాళ్లకు ఇది ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో లేదు, ప్రైవేటులో వెయ్యికి పైనే అవుతుంది. ఖర్చుకు వెనకాడే ఇంట్లో అందరికీ కాకపోయినా పేషెంటుకు, పేషెంటును కనిపెట్టుకుని ఉండే మనిషికి వేయిస్తే చాలా వరకు ఫలితం ఉంటుంది. టీకా వేయించుకున్నా జలుబు రావచ్చు. నిమోనియా దాకా, ఆస్పత్రి మంచం దాకా పోయే ముప్పు తగ్గుతుంది, మనకు కావాల్సింది అదే. న్యూమోకోకల్ టీకా వేరు. అది ఒక రకం నిమోనియా క్రిమి నుంచి కాపాడుతుంది, ఏటా అక్కర్లేదు. ఎవరికి ఏది వేయాలో డాక్టరును అడగండి.

టీకా కోసం వెళ్లినరోజే ఇంకో రెండు పనులు పూర్తి చేసుకోవచ్చు. జలుబు చేస్తే ఏ మందు పెంచాలి, ఎంత పెంచాలి, ఎప్పుడు ఆస్పత్రికి రావాలి అన్నది డాక్టరుతో తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోండి. దాన్ని గోడకు అతికించండి. రాత్రి రెండు గంటలకు ఆయాసం మొదలైనప్పుడు ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు.

రెండోది, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్‌లో మామూలు రోజు అంకె ఎంత ఉంటుందో రాసిపెట్టుకోవడం. సీఓపీడీ ముదిరినవాళ్లకు మామూలు రోజే 90, 91 ఉండొచ్చు. అది తెలియకపోతే జ్వరం వచ్చిననాడు 90 చూసి ఇల్లంతా టెన్షన్ పడుతుంది. ఎప్పుడూ 96 ఉండే మనిషికి 92 వస్తే పట్టించుకోకుండా ఉండిపోయే ప్రమాదమూ ఉంది. వేలు చల్లగా ఉన్నా, గోరింటాకు గాని నెయిల్ పాలిష్ గాని ఉన్నా అంకె తప్పు చూపవచ్చు. చేయి రుద్ది వెచ్చబరిచి, కూర్చోబెట్టి, ఒక నిమిషం ఆగి చూడండి.

3. ఇంట్లో పొగ, దుమ్ము

గ్యాస్ పొయ్యి ఉంది కదా, మా ఇంట్లో పొగ ఎక్కడిది అంటారు చాలామంది. వంట గ్యాస్ మీదే కావచ్చు. స్నానానికి నీళ్లు కాగబెట్టేది, బర్రెకు దాణా ఉడకబెట్టేది పత్తికట్టె, కందికట్టె మీదే కదా. చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవకుండా కిందనే పరుచుకుంటుంది. ఆ పొయ్యి కిటికీకి ఎదురుగా ఉంటే పొగంతా అర్రలోకే వస్తుంది. పొయ్యిని ఇంటికి దూరంగా, గాలి ఇంటి వైపు తోలని దిక్కున పెట్టండి. ఎండిన కట్టెనే వాడండి, పచ్చి కట్టెకు పొగ ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లతో పొయ్యి అంటించే అలవాటు మాత్రం వెంటనే మానాలి.

దోమల కాయిల్ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత అని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. బీడీ మానేసిన తాత మంచం కింద రాత్రంతా అది కాలుతుంటుంది. కాయిల్ బదులు దోమతెర కట్టండి. సాయంత్రం దోమలు లోపలికి వచ్చే ఆ రెండు గంటలు తలుపులు మూసి, తర్వాత తెరవండి. సాంబ్రాణి, అగరుబత్తి కూడా పొగే. దేవుడి దగ్గర దీపం పెట్టుకోండి, పొగ వేయాలనుకుంటే పేషెంటు బయట కూర్చున్నప్పుడు వేయండి. ఇంట్లో ఎవరైనా బీడీ, చుట్ట తాగితే వాకిట్లోకి కాదు, ఇంకా అవతలికి పోయి తాగాలి. మానేస్తే మరీ మంచిది.

పత్తి గురించి ఎవరూ మాట్లాడరు. దసరా తర్వాత ఏరుడు మొదలవుతుంది. రేటు పెరుగుతుందేమోనని బస్తాలకెత్తకుండా ఇంట్లోనే ఒక అర్రలో దూలాల దాకా పోస్తాం. స్థలం లేని ఇంట్లో ఆ పత్తి పక్కనే మంచాలు వేసుకుని పడుకుంటాం. పత్తి నూగు, ఆకు పొడి, తేమ పట్టిన పత్తి మీద లేచే బూజు దమ్ము ఉన్నవాళ్లకు బాగా ఇబ్బంది చేస్తాయి. పత్తి అర్రలో పేషెంటు పడుకోకూడదు, ఆ అర్ర దర్వాజకు ఒక చీరైనా కట్టండి. తూకం వేసి, లోడ్ ఎత్తేరోజు ఆయన్ను చుట్టాలింటికి పంపితే ఇంకా నయం.

వడ్లదీ అదే సంగతి. మిర్యాలగూడ, నిడమనూరు ఆయకట్టు వైపు కోతలప్పుడు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో తూర్పార పట్టే దుమ్ము ఊరంతా కమ్ముకుంటుంది. తర్వాత వరి కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. మన పొలంలో మనం పెట్టకుండా ఉండగలం, పక్కవాళ్లకు చెప్పి చూడగలం. ఆ రోజుల్లో పేషెంటు బయటికి పోవాల్సి వస్తే ఎన్95 మాస్కు కావాలి. తువాల ముక్కుకు కట్టుకుంటే పెద్ద దుమ్మే ఆగుతుంది, సన్నటి పొగ ఆగదు. భోగి మంటల దగ్గరికీ అంతే, దూరం నుంచి చూడాలి.

చలి ఎక్కువని మూసిన అర్రలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. వాసన లేని విషవాయువు నిద్రలోనే చంపేస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు కూడా.

4. ఇంట్లో ఒకరికి జలుబు మొదలైతే

గొంతు గరగర అన్న రోజు నుంచే జాగ్రత్త మొదలుకావాలి, జ్వరం వచ్చేదాకా ఆగొద్దు. ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలు బయటపడే ముందురోజు నుంచే అంటిస్తారు. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు అంటిస్తూనే ఉంటారు.

జలుబు చేసిన మనిషే మాస్కు పెట్టుకోవాలి. మనం తిరగేసి చేస్తాం, తాతకు మాస్కు కట్టి దగ్గే కొడుకు ఖాళీ మూతితో తిరుగుతాడు. ఆయాసం ఉన్నవాళ్లకు మాస్కు కష్టంగా కూడా ఉంటుంది. జలుబు ఉన్నవాళ్లు మామూలు సర్జికల్ మాస్కు పెట్టుకుంటే తుంపర్లు అక్కడే ఆగుతాయి. తడిసిందంటే మార్చాలి.

రెండు అర్రలుంటే జలుబు ఉన్నవాళ్లు వేరే పడుకోవాలి. ఒకటే అర్ర ఉన్న రేకుల ఇల్లయితే మంచాల మధ్య కనీసం ఆరడుగులు వదిలి, ఒకరి తల ఉన్న వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేటట్టు వేయండి. పగలంతా ఎదురెదురు కిటికీలు, తలుపులు తీసి ఉంచండి. రాత్రి చలికి పూర్తిగా తీయలేకపోతే, పేషెంటుకు నేరుగా గాలి తగలని కిటికీ ఒకటి బెత్తెడు తీసి ఉంచి రెండు దుప్పట్లు కప్పండి. కప్పుకోవడంతో చలిని ఆపొచ్చు, మూసుకోవడంతో వైరస్‌ను ఆపలేం. పగలు ఎండ పడే చోట, వేప చెట్టు కిందో వాకిట్లోనో ఆయన్ను కూర్చోబెడితే మిగతావాళ్లు ఇంట్లో తిరిగినా భయం తక్కువ.

చెంబు, గ్లాసు, తువాల ఎవరివి వాళ్లకే. స్టీలు, ప్లాస్టిక్ మీద ఫ్లూ వైరస్ ఒకటి రెండు రోజులు బతికి ఉండగలదు. ఫోను, టీవీ రిమోట్, దర్వాజ గొళ్లెం సబ్బునీళ్లలో పిండిన బట్టతో రోజూ తుడవండి. ఫోను లోపలికి మాత్రం నీళ్లు పోనీయకండి. బయటి నుంచి వచ్చినవాళ్లు తాత దగ్గరికి పోయే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. చిన్నపిల్లలకు ఇది ఆటలాగా నేర్పిస్తే వాళ్లే పెద్దవాళ్లను పట్టి కడిగిస్తారు.

వండేవాళ్లకే జలుబైతే మాస్కుతో వండొచ్చు. వడ్డించడం ఇంకొకరికి అప్పజెప్పండి.

5. ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతున్నారా?

ఇంట్లో ఇన్‌హేలర్ ఉన్నంత మాత్రాన మందు లోపలికి పోతున్నట్టు కాదు. చాలామందికి మందు నాలుక మీదే పడిపోతుంది. నొక్కేది, పీల్చేది ఒకేసారి జరగాలి, వయసు మీద పడ్డాక అది కష్టం. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం ఆ ఇబ్బంది తీరుస్తుంది.

ఇన్‌హేలర్‌ను బాగా ఊపండి. స్పేసర్‌కు తగిలించండి. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. మూతి బిగించి ఒకసారి నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పీల్చింది పది లెక్కపెట్టేదాకా ఆపాలి, ఆపలేకపోతే ఎంత ఆపగలిగితే అంత. రెండో పఫ్ వేయాలంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ మొదటి నుంచి. ఒకేసారి రెండు మూడు పఫ్‌లు నొక్కి పీల్చడం మందు వృథా చేయడమే. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది.

స్పేసర్ కొనే వీలు అప్పటికప్పుడు లేకపోతే అర లీటరు నీళ్ల సీసాతో తయారు చేయొచ్చు. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సందుల్లేకుండా టేపు చుట్టాలి. సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చాలి. చిన్నపిల్లలకు దీన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలోనే రాసి ఉంది. కొన్న స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా గాలికి ఆరనివ్వండి. తుడిస్తే గోడలకు మందు అంటుకుపోతుంది.

క్యాప్సూల్ పెట్టి పీల్చే రకం వాడేవాళ్లు ఒకటి గమనించాలి. దానికి గట్టిగా లాగే బలం కావాలి. జలుబు చేసి నీరసంగా ఉన్నప్పుడు ఆ బలం ఉండదు, ఆ నాలుగు రోజులకు స్పేసర్‌తో వాడే రకం అడిగి తెచ్చుకోండి. ఆ క్యాప్సూల్‌ను గోలీలాగా మింగుతున్న పెద్దలు కూడా ఉంటారు. మీ ఇంట్లో ఒకసారి కళ్లారా చూసి తేల్చుకోండి.

రోజూ వాడే ఇన్‌హేలర్‌ను బాగుందని ఆపొద్దు. "అలవాటైపోతది" అన్న భయానికి ఆధారం లేదు.

6. పేషెంటుకే జలుబు పట్టుకుంటే

మొదటి 48 గంటలు విలువైనవి. జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు ఒక్కసారిగా వచ్చాయంటే ఫ్లూ కావచ్చు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు ఒసెల్టామివిర్ అనే మందు రెండు రోజుల్లోపు మొదలుపెడితే ఎక్కువ పనిచేస్తుంది. డాక్టరు చీటీ మీదే ఇస్తారు. "నాలుగు రోజులు చూద్దాం" అనుకుంటే ఆ అవకాశం పోతుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటే సాయంత్రానికి హుషారు వస్తుంది, నిజమే. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు అది చక్కెరను పెంచేస్తుంది. దాంతో పాటు ఇచ్చే యాంటిబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. తెమడ రంగు మారి, ఎక్కువై, ఆయాసం పెరిగితే యాంటిబయాటిక్ అవసరం పడొచ్చు, అది డాక్టరు తేల్చాలి. ఏది వేసినా చీటీ మీద పేరు రాయించుకోండి, రేపు పెద్దాస్పత్రిలో మొదట అడిగేది అదే.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఒంటి నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే ఇతర నొప్పి గోలీలతో కొందరు ఆస్తమావాళ్లకు దమ్ము ఒక్కసారిగా రేగుతుంది. నిద్ర పట్టించే దగ్గు సిరప్పులు తెమడను బయటికి రానివ్వవు.

ఆవిరి పడితే ముక్కు తేలికవుతుంది, అంతకుమించి ఆశించొద్దు. గిన్నె ఒలికి కాళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ. నీలగిరి తైలం, జిందా తిలిస్మాత్ లాంటి ఘాటైనవి కొందరికి హాయినిస్తాయి, కొందరికి ఆ ఘాటుకే దమ్ము వస్తుంది. మీ ఇంటి మనిషికి ఏది పడదో మీకే తెలుసు. పసిపిల్లలకు కర్పూరం వాసన కూడా చూపొద్దు, మూర్ఛలు రావచ్చు.

పథ్యం పేరుతో తిండి ఆపడం మన దగ్గర పెద్ద సమస్య. పాలు తాగితే తెమడ పెరుగుతుందని, గుడ్డు వేడి చేస్తుందని మానిపిస్తారు. సీఓపీడీ మనిషి ఊపిరి తీయడానికే ఎంతో శక్తి ఖర్చు పెడుతుంటాడు, బక్కచిక్కితే దగ్గే బలం కూడా పోతుంది. గుడ్డు, పప్పు, పాలు, మెత్తటి జొన్న గటక కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. కడుపు నిండా ఒకేసారి తింటే ఆయాసం పెరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లు, మిరియాల చారు తరచుగా ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులవాళ్లకు నీళ్ల కొలత డాక్టరు చెప్పినంతే.

తెమడ తీయడానికి: కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మూడు నాలుగు లోతైన శ్వాసలు తీయించండి. తర్వాత అద్దం మీద ఆవిరి ఊదినట్టు నోరు తెరిచి "హా" అని బలంగా రెండుసార్లు ఊదించి, అప్పుడు దగ్గించండి. ఊరికే దగ్గి దగ్గి అలసిపోయేకంటే ఇది తేలిక. ఫ్లోరోసిస్‌తో వంగిపోయినవాళ్లకు దిండ్ల ఆసరాతో రోజుకు మూడు నాలుగుసార్లు చేయించండి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంటే ఆయాసం పెరిగిందని లీటర్లు మీరే పెంచొద్దు. చాలామంది సీఓపీడీ పేషెంట్లకు లక్ష్యం 88 నుంచి 92 మాత్రమే. ఎక్కువైతే ఒంట్లో చెడుగాలి (కార్బన్ డయాక్సైడ్) పేరుకుని మగతలోకి పోతారు.

7. ఎప్పుడు బయల్దేరాలి

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేక మధ్యలో ఊపిరి పీల్చుకుంటున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా గాని తికమకగా గాని మాట్లాడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తెమడలో రక్తం పడినా, ఆక్సీమీటర్ అంకె మామూలు రోజు కంటే బాగా పడిపోయినా ఇంట్లో ఉండొద్దు. జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి మళ్లీ జ్వరం, దగ్గు పెరిగినా అనుమానించాలి. నిమోనియా అట్లాగే వస్తుంది.

108కు ఫోన్ చేయండి. అది వచ్చేలోపు మనిషిని పడుకోబెట్టకుండా, ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చోబెట్టండి. ముక్కుతో పీల్చి, ఈల వేసినట్టు పెదవులు ముడిచి నెమ్మదిగా వదలమనండి. తక్షణం పనిచేసే నీలిరంగు ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇవ్వొచ్చు, మీ దగ్గర డాక్టరు రాసిన కాగితం ఉంటే అందులో ఉన్నట్టు చేయండి.

వెంటనే హైదరాబాద్ తీసుకుపోదామనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. ఆక్సిజన్ లేని కారులో ఆ రెండు గంటల ప్రయాణమే ముప్పు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. ముందు దగ్గరి దాంట్లో ఆక్సిజన్ పెట్టించి, అవసరమైతే అక్కడి నుంచి అంబులెన్సులో పంపించుకోవచ్చు. పాత చీటీలు, ఎక్స్‌రేలు, వాడే ఇన్‌హేలర్లు, ఆధార్ ఒకే సంచిలో పెట్టి దర్వాజ దగ్గర వేలాడదీయండి.

పిల్లల సంగతి వేరుగా చూడాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60 అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 అంతకంటే ఎక్కువ ఉంటే నిమోనియా అనుమానం. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడినా, పాలు తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికే. ఏడాది నిండని పిల్లలకు దగ్గు తగ్గుతుందని తేనె నాకించొద్దు.

8. తగ్గిన తర్వాత

జలుబు పోయినా దగ్గు కొన్ని వారాలు ఉండొచ్చు. రెండు వారాలు దాటితే మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించండి, టీబీ పరీక్షా మందులూ ఉచితం. ఒకసారి టీబీ వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రావచ్చు కాబట్టి "మాకు అయిపోయింది" అనుకోవద్దు. ఎన్నడూ పేరు పెట్టని ఆయాసం అయితే, జలుబు పూర్తిగా తగ్గి నెల దాటాక మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఛాతీ డాక్టరును కలిసి స్పైరోమెట్రీ అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష అది. పొయ్యి ముందు బతుకంతా గడిపిన అవ్వకు కూడా చేయించండి, తాతకు ఒక్కడికే చేయించి రావొద్దు.